సాక్షి ‘జె’ చెప్పిన మాట

చెల్లెమ్మా,

యుద్ధ నేరాలను విచారించిన అంతర్జాతీయ కోర్టుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. న్యూరెంబర్గ్‌తో మొదలుపెట్టి టోక్యో, హేగ్, అరూషా అన్నీ చుట్టి వచ్చావు. బాగా కష్టపడ్డావు. కానీ ఇన్ని కోర్టులు తిరిగినా ఒక్క మనిషి గొంతూ నాకు వినపడలేదు. రువాండా జాతిసంహారాన్ని విచారించిన ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్ ఉన్న టాంజానియా ఊరు అరూషా ఒక్కటి ఉంచుకో. అందులోనూ అకయేసు కేసు చాలు.

జాన్ పాల్ అకయేసు రువాండాలోని టాబాకి మేయర్. అంతకుముందు బడిపంతులు. 1994 ఏప్రిల్‌లో అక్కడి మైనారిటీ జాతి అయిన టుట్సీల ఊచకోత మొదలైనప్పుడు, తొలిరోజుల్లో తన ప్రాంతంలో దాన్ని ఆపాలనే చూశాడు. ఏప్రిల్ 18న ప్రభుత్వ పెద్దలతో మీటింగ్ జరిగింది. ఆ తర్వాత మనిషి మారిపోయాడు. నువ్వు మొదటి వాక్యంలోనే అతన్ని రాక్షసుడు అనేశావు. ఇక ఆ పదిపన్నెండు రోజుల గురించి రాయడానికి చోటెక్కడిది? నన్ను ఎక్కువ భయపెట్టేవి ఆ రోజులే.

1997 జనవరిలో విచారణ మొదలైనప్పుడు అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. రికార్డుల్లో ‘జె’ అని మాత్రమే ఉన్న ఒక తల్లి సాక్ష్యం చెబుతూ, తన ఆరేళ్ల కూతురిపై ముగ్గురు అత్యాచారం చేశారని తనంతట తానే బయటపెట్టింది. న్యాయమూర్తులు ఆ మాటను జారిపోనివ్వలేదు, ఇంకా అడిగారు. మేయర్ ఆఫీసు దగ్గర కూడా అమ్మాయిలకు ఇలాగే జరిగిందని విన్నానంది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకే ఒక్క మహిళ, డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్లై. తర్వాత మరో సాక్షి తనకే జరిగింది చెప్పింది. జూన్‌లో అభియోగాలను సవరించారు. 1998 సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. విచారణ జరిపి ఒక అంతర్జాతీయ కోర్టు జాతిసంహార నేరం కింద దోషిగా తేల్చిన మొదటి మనిషి అకయేసు. ఒక జాతిని తుడిచిపెట్టాలన్న ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతిసంహారమేనని మొదట చెప్పిందీ ఆ తీర్పే.

దాన్ని పూర్తిగా చదువు. రువాండా జనం భాష కిన్యర్వాండాలోని మాటల గురించే అందులో ఒక భాగం ఉంది. అత్యాచారానికి సాక్షులు వాడిన మాటల్లో ఒకదానికి అర్థం పక్క పంచుకోవడం, ఇంకోదానికి బలవంతంగా పట్టుకోవడం. కోర్టు నిఘంటువు దగ్గర ఆగకుండా, ఏ సందర్భంలో ఆ మాట అన్నారో చూసింది. నువ్వేమో ‘మానభంగం’ అని రాశావు. ఆ మాట నేరాన్ని చేసినవాడి మీద నుంచి తీసి ఆమె పరువు మీద పెడుతుంది. కొట్టెయ్.

తీర్పును పొగిడి వదిలెయ్యకు. 2015 చివర్లో మూతపడేలోగా ఆ ట్రిబ్యునల్ 93 మందిపై అభియోగాలు మోపింది. అక్కడి అంతర్యుద్ధం గెలిచిన, టుట్సీల నాయకత్వంలోని ఆర్‌పీఎఫ్ (రువాండన్ పేట్రియాటిక్ ఫ్రంట్) సైన్యం చేసిన హత్యల మీద మాత్రం ఒక్క కేసూ పెట్టలేదు. ఇది రాస్తే జాతిసంహారాన్ని తక్కువ చేసినట్టవుతుందేమోనని నీకు టెన్షన్ ఉండొచ్చు. రాయాల్సిందే, కాకపోతే రెండింటినీ ఒకే తూకంలో వెయ్యకు.

‘జె’ అసలు పేరు కోసం వెతకొద్దు. సాక్ష్యం చెప్పాక కూడా ఆమె బతకాలి గనకే కోర్టు దాచింది. తిరగరాశాక కాగితం మీద పంపు. పెన్సిల్ పట్టుకుని చదువుతాను.

మీ అక్క