పింగ్ పోతోందా, వస్తోందా?

సందేహం: మాది ఆఫీసు నెట్‌వర్క్ చూసే పని. లైను బాగుందో లేదో చూడడానికి 'పింగ్' అనే పరీక్ష పిలుపు పంపుతాం; ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌కు కాపలా కాసే యంత్రం. మొన్న బ్రాంచిలో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి, "ఫైర్‌వాల్ కమాండ్ లైన్‌లో పింగ్ కొట్టి చూడు, పోతోందా?" అన్నాను. "పోతోంది సార్" అన్నాడు. సరే, వెళ్తోంది కదా అని తప్పు ఇంకెక్కడో వెతికాను. తీరా చూస్తే, మధ్యలోనే పోతోందని అతని ఉద్దేశమట! తప్పెవరిది? 'ఫైర్‌వాల్ నుంచి', 'ఫైర్‌వాల్ ద్వారా' ఒకటేనా? 'పింగ్ కొట్టడం' అనవచ్చా?

సమాధానం: ఫైర్‌వాల్‌కు అచ్చతెలుగు మాట అడగలేదు, బతికిపోయాను. చూశారా, ఇక్కడా 'పోవు' వచ్చింది, అదీ మంచి అర్థంలో! ఈ క్రియ అంత జారుడు మనిషి.

బస్సు పోతోందంటే కదిలి వెళ్తోంది. కరెంటు పోతోందంటే ఉండడం లేదు. ఏ అర్థమో కర్తను బట్టి మనకు తెలిసిపోతుంది. పింగ్ కొత్త చుట్టం; దాన్ని బస్సు వరసలో కూర్చోబెట్టాలో, కరెంటు వరసలో కూర్చోబెట్టాలో ఇంకా తేలలేదు. పైగా తెలంగాణ, రాయలసీమల్లో ప్రయాణానికి 'పోవడమే' సహజమైన మాట. కోస్తాలో చాలామంది 'వెళ్తోంది' అంటారు. కాబట్టి మీ ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టను.

'వెళ్తోందా' అని మార్చినా గండం గడవదు. పింగ్ అవతలి యంత్రానికి ఒక పిలుపు పంపి, దాని ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. తెరమీద మనకు తెలిసేది వచ్చిన జవాబే. సిస్కో కంపెనీ ఫైర్‌వాల్ అయితే జవాబు వచ్చినప్పుడల్లా ఒక ఆశ్చర్యార్థకం, రానప్పుడు ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ ప్రశ్నార్థకం చూసి పిలుపు వెళ్లలేదో, వెళ్లినా జవాబు తిరిగి రాలేదో చెప్పలేం. అందుకని "జవాబు వస్తోందా?" అని అడగండి.

ఇక విభక్తులు. 'నుంచి' బయలుదేరిన చోటు చెబుతుంది. 'గుండా' దాటిన చోటు చెబుతుంది. 'ద్వారా' సంస్కృతపు 'ద్వారం' చుట్టమే అయినా, తెలుగులో ఎక్కువగా సాధనాన్ని చెబుతుంది: "పేపర్ ద్వారా తెలిసింది". అందుకే "ఫైర్‌వాల్ ద్వారా పింగ్" అంటే రెండు రకాలుగా అర్థమవుతుంది. పనిలో ఈ తేడా చిన్నదేమీ కాదు. ఫైర్‌వాల్ నుంచి పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన, దాని వెనకున్న కంప్యూటర్ పింగ్ ఫైర్‌వాల్ గుండా దాటుతుందని కాదు. అక్కడ ఫైర్‌వాల్‌లో పెట్టిన కాపలా రూల్ అడ్డుపడవచ్చు. 'నుంచి' అన్నా ఒక్కోసారి సరిపోదు. పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాల్‌లో సోర్స్ అడ్రస్ (ఏ చిరునామా నుంచి పంపాలో) చెప్పకపోతే పింగ్ మేనేజ్‌మెంట్ పోర్టు (ఆ యంత్రాన్ని చూసుకోవడానికి వేరుగా ఉంచిన పోర్టు) నుంచి బయలుదేరుతుంది. అప్పుడు "ఏ పోర్టు నుంచి?" అని కూడా అడగాలి. ఫోర్టిగేట్ అనే ఫైర్‌వాల్‌లోనూ సోర్స్‌ను మనమే ఎంచుకునే వీలుంది.

'కొట్టడం' నిక్షేపంగా అనండి. 1983లో ఈ ప్రోగ్రామ్ రాసిన మైక్ మూస్, జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడును బట్టి దానికి ఆ పేరు పెట్టాడు. అంటే అది మన 'ఖంగు', 'టింగు' లాంటి ధ్వన్యనుకరణమే. గంట కొట్టినట్టే పింగూ కొడతాం. 'పింగ్ చేయడం' తప్పు కాదు గానీ, నాకు కొట్టడమే బాగుంది.