చిన్న చేపలు, రొయ్యలు ఉన్న అక్వేరియంలో ఏ మొక్కలు తేలిగ్గా బతుకుతాయి?

గప్పీల్లాంటి చిన్న చేపలు, చెర్రీ రొయ్యలు ఉన్న తొట్టిలో తొలిసారి మొక్కలు వేస్తుంటే జావా మాస్‌తో మొదలుపెట్టండి. తక్కువ వెలుతురు చాలు, ఇసుక కూడా అక్కర్లేదు. రాయికి దారంతో కడితే అదే పట్టుకుంటుంది. దాని మీద పేరుకునే సూక్ష్మజీవుల పొర రొయ్య పిల్లలకు మంచి తిండి, దాక్కోవడానికి చోటూ అదే.

అనూబియాస్, జావా ఫెర్న్ కూడా మొండివే. కానీ అడ్డంగా పాకే వాటి లావు కాండాన్ని ఇసుకలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. క్రిప్టోకొరైన్ నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోవచ్చు. టెన్షన్ పడి పీకేయకండి, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

అసలు జాగ్రత్త రొయ్యల విషయంలోనే. కొత్త మొక్కలకు పురుగుమందు అంటుకుని ఉంటే, చేపలు తట్టుకున్నా రొయ్యలు చచ్చిపోవచ్చు. అందుకే కొన్నాళ్లు విడిగా బకెట్లో, నీళ్లు మారుస్తూ ఉంచాకే వేయండి.