దాణా వదిలేస్తుంటే పని పెంచకండి

మలక్‌పేటలో రేసుకు పది రోజులే ఉంది, గ్యాలప్ (పూర్తి వేగపు పరుగు) చేసినప్పుడల్లా గుర్రం దాణా సగం వదిలేస్తోంది, పని అంటే రోజూ చేయించే పరుగు సాధన ఇంకా పెంచాలా అని అడిగారు. వద్దండీ. తొట్టిలో మిగిలిన ఓట్సే అది అలిసిపోయిందని చెబుతున్నాయి. మూడు నాలుగు రోజులు నడక, నెమ్మది ట్రాట్ (తేలికపాటి పరుగు) చాలు. జ్వరం, కడుపులో పుండ్లు ఉన్నాయేమో డాక్టర్‌కి చూపించండి. తెల్లవారుజామున బయటికి తీయకముందే దవడ కింద నాడి పట్టి చూడండి. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది, దాని రోజువారీ లెక్క దాటితే ఆ పూట విశ్రాంతే. ముందుకాళ్ల వెనక అరచేయి జార్చి చూడండి, ఒక కాలు రెండోదానికంటే వెచ్చగా తగిలితే గ్యాలప్ మాటే ఎత్తొద్దు. టానిక్కులు, ఇంజెక్షన్లు సొంతంగా ఇవ్వకండి, డోప్ టెస్టులో దొరికితే గెలిచిన రేసూ పోతుంది. మళ్లీ తొట్టి నాకి ఖాళీ చేస్తే, రేసుకు నాలుగైదు రోజుల ముందు ఒక్క చురుకైన గ్యాలప్ ఇవ్వండి. అప్పటికీ తినకపోతే ఈసారికి పేరు వెనక్కి తీసుకోండి.