గేర్‌బాక్స్‌లో ఏ పార్టు లేదో ఫోన్ చెప్తుందా?

ప్రశ్న: అన్నా, మాది ఎల్బీనగర్. నాన్న కూరగాయల లోడుకి తిప్పే 2007 మోడల్ టాటా 207 డీఐ ఉంది. గేర్‌బాక్స్ విప్పిన మెకానిక్ పని మధ్యలో వదిలేసి ఊరెళ్లిపోయాడు. గేర్లు బస్తాలో, చిన్న సామానంతా పెయింట్ డబ్బాలో ఉన్నాయి. కొత్త మెకానిక్ చూసి కొన్ని పార్టులు లేవంటున్నాడు, ఏవో చెప్పలేకపోతున్నాడు. ఫొటో తీస్తే చెప్పే యాప్ ఉందా?

జవాబు: గూగుల్ లెన్స్ లాంటివి పెద్ద గేరో, గేర్ మార్చేటప్పుడు దాన్ని జరిపే ఫోర్కో చూపిస్తే ఫలానా రకం అని చెప్తాయి, కానీ మీకు కావాల్సింది డబ్బాలో లేని పార్టు కదా, లేనిదానికి ఫొటో ఎట్లా తీస్తాం? ఉండాల్సినవన్నీ రాసున్న లిస్టు ముందు చేతికి రావాలి, అది కంపెనీ పార్ట్స్ కేటలాగ్‌లో ఉంటది.

డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో ఛాసిస్ నంబర్ ఇచ్చి గేర్‌బాక్స్ పేజీలు అడగండి. కొత్త టాటా బళ్లకైతే నంబర్‌లో 17 అక్షరాలుండి ఎంఏటీతో మొదలవుతుంది, మీ పాత మోడల్‌కి వేరేగా ఉండొచ్చు. తుప్పు పట్టిన ఛాసిస్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే సున్నాని ఓ అని, ఒకటిని ఐ అని చదివేస్తుంది, 17 అక్షరాల నంబరైతే అందులో ఐ, ఓ, క్యూ వాడనే వాడరు కాబట్టి అవి కనిపిస్తే తప్పు చదివిందనే లెక్క, ఆర్సీతో సరిచూసుకోండి. కేటలాగ్ పేజీలో నంబర్లతో ఉన్న పార్టుల బొమ్మని పెద్ద జిరాక్స్ తీయించి నేల మీద పరిచి, డీజిల్‌లో కడిగిన ఒక్కో పార్టుని దాని నంబర్ మీద పెట్టుకుంటూ పోండి. ఖాళీగా మిగిలిన నంబర్లే మీ లిస్టు.

లిస్టు పట్టుకుని వెంటనే కొట్టుకి పోవద్దు. పోయిందనుకున్న చిన్న స్టీల్ గోళీ హౌసింగ్ (గేర్‌బాక్స్ పైడొప్ప) అడుగున పాత ఆయిల్ మడ్డిలో దొరకడం నేను చూశాను. ఫోన్‌కి తగిలించుకునే ఎండోస్కోప్ కెమెరాతో మూలమూలా చూడండి, తర్వాత మాగ్నెట్ తిప్పండి, సింక్రో రింగ్ (గేర్ మెత్తగా పడేలా చేసే రింగ్) ఇత్తడిదైతే దాని ముక్క మాగ్నెట్‌కి అంటదు, దాన్ని కంటితోనే వెతకాలి.

ఇంక నాకు అసలు భయం ఉన్నది ఆ చిన్న సామాను గురించే. ఫోర్కుని జరిపే సెలెక్టర్ రాడ్‌ని గేర్‌లో నిలబెట్టేది ఒక స్టీల్ గోళీ, దాని వెనక స్ప్రింగ్. అవి లేకపోతే గేర్ జారిపోతుంది. రాడ్‌ల మధ్యలో ఇంటర్‌లాక్ పిన్నులుంటాయి, చాలా గేర్‌బాక్సుల్లో నడిమి రాడ్‌లో అగ్గిపుల్లంత సన్న పిన్ను ఒకటి దూరి ఉంటది, రాడ్‌ని పక్కకి వాల్చగానే చప్పుడు లేకుండా పడిపోతుంది. అది లేకుండా బిగిస్తే ఒకేసారి రెండు గేర్లు పడొచ్చు, రన్నింగ్‌లో అట్లా అయితే బాక్స్ బిగుసుకుపోయి వెనక చక్రాలు లాక్ అవుతాయి, లోడుతో ఉన్న బండి, పైగా నాన్న నడిపేది.

గోళీ కొనేటప్పుడు సైజు కొలిచే డిజిటల్ వెర్నియర్ జేబులో ఉండాలి. 5/16 అంగుళం గోళీ 7.94 ఎంఎం చూపిస్తుంది, 8 ఎంఎం గోళీ 8.00 చూపిస్తుంది, చేతిలో పెట్టుకుంటే రెండింటికీ ఏ తేడా తెలీదు. మీ దగ్గర మిగిలిన గోళీని కొలిచి అదే సైజు తెచ్చుకోండి, రంధ్రంలో వదిలితే సొంత బరువుకే జారాలి, వేలితో నొక్కాల్సొస్తే వద్దు.

రాణిగంజ్‌లో బేరింగులు, గోళీలు, సీళ్లు అడగండి. గేరు, ఫోర్కు లాంటివి ఆటోనగర్‌లో పాత బాక్సుల్లోంచి తీసుకోవచ్చు, పళ్లు లెక్కపెట్టి. సర్క్లిప్పులు (పార్టు జారకుండా గాడిలో పట్టే రింగులు), ఆయిల్ సీళ్లు మాత్రం కొత్తవే. కొట్టువాళ్లకి వాట్సాప్‌లో ఫొటో పంపితే పక్కన స్టీల్ స్కేల్ పెట్టి, కొంచెం దూరం నుంచి జూమ్ చేసి తీసి డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే పార్టు మీది నంబర్ మసకబారిపోతుంది. గేర్ ఆయిల్‌లో రకాలుంటాయి, మీకు జీఎల్-4 కావాలో జీఎల్-5 కావాలో మాన్యువల్ చూసి పోయండి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడి రింగుల్ని తినేస్తాయి.

బాక్స్‌ని బండికి ఎక్కించకముందే బల్ల మీద ఒక గేర్ వేసి పెట్టి, మిగతా రాడ్‌లని చేత్తో నెట్టి చూడండి. కదలకూడదు. ఒక్కటి కదిలినా మళ్లీ విప్పమనండి, మెకానిక్ విసుక్కున్నా సరే.