ప్రశ్నలు – జవాబులు: ఆర్‌పీజీ మేకర్‌తో ఎంత దూరం వెళ్లగలం?

సొంతంగా కంప్యూటర్ గేమ్ తయారు చేయాలనుకునే కొత్తవారి నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, ఆటగాడు ఒక పాత్రగా కథలో సాగే రోల్ ప్లేయింగ్ గేములను (ఆర్‌పీజీ) తయారుచేసే ఆర్‌పీజీ మేకర్ అనే ఒకే సాఫ్ట్‌వేర్ గురించి ఉన్నాయి. ఒకే రకమైన సందేహాలను కలిపి, అయిదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను బీకాం చదువుతున్నాను, ప్రోగ్రామింగ్ రాదు. ఒక ఊరి చెరువు చుట్టూ జరిగే కథతో రోల్ ప్లేయింగ్ గేమ్ చేయాలని ఉంది. ఆర్‌పీజీ మేకర్ అయితే కోడ్ రాయనక్కర్లేదని కొందరు, అది పిల్లల ఆటవస్తువని మరికొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కోడ్ రాయనక్కర్లేదన్న మాట నిజం. కానీ కోడ్ వెనక ఉండే ఆలోచనా క్రమాన్ని మాత్రం మీరే సమకూర్చుకోవాలి. ఒక చిన్న పనిని తీసుకుందాం. మీ కథలోని ఊరి చావడిలో ఒక పెట్టె ఉంది, కథానాయకుడు దాన్ని తెరిస్తే వంద నాణేలు దొరకాలి. మ్యాప్‌లో ఆ గడి మీద ఒక ఈవెంట్ (ఆ చోట ఏం జరగాలో చెప్పే ఆదేశాల కట్ట) పెట్టి, దానికి మూసి ఉన్న పెట్టె బొమ్మ ఇచ్చి, డబ్బు పెంచమనీ సందేశం చూపమనీ చెప్పే ఆదేశాలను జాబితాలోంచి ఎంచుకుంటే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అక్కడితో వదిలేస్తే ఆటగాడు ఆ పెట్టె ముందే నిలబడి, మీట నొక్కుతూ లక్షాధికారి అయిపోతాడు. అందుకని ఆదేశాల చివర, ఆ ఈవెంట్‌కు మాత్రమే చెందిన, ఆన్ లేదా ఆఫ్ అని గుర్తుపెట్టుకునే సెల్ఫ్ స్విచ్‌ను ఆన్ చేయాలి. అదే ఈవెంట్‌కు రెండో పేజీ చేర్చి, ఆ స్విచ్ ఆన్‌లో ఉంటేనే ఈ పేజీ పనిచేయాలని షరతు పెట్టి, అందులో తెరిచిన పెట్టె బొమ్మను ఉంచాలి. రెండు పేజీల షరతులూ ఒకేసారి నెరవేరితే సాఫ్ట్‌వేర్ పెద్ద సంఖ్య ఉన్న పేజీనే అమలు చేస్తుంది. ఈ నియమం తెలియక పేజీలను తిరగేసి పెట్టుకుని, తమ పెట్టె ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తలపట్టుకునేవారు చాలామంది ఉంటారు.

ఇదే కోవలో ఇంకొక చిక్కు ఆటోరన్ ఈవెంట్లతో వస్తుంది. కథలో ఒక సన్నివేశం దానంతటదే నడవాలంటే ఈ పద్ధతినే వాడతారు; సన్నివేశం పూర్తయ్యేవరకు ఆటగాడి చేతిలో ఏమీ ఉండదు. అయితే చివర్లో దాన్ని ఆపే స్విచ్ పెట్టడం మరిచిపోతే అది మళ్లీ మొదటికి వచ్చి అలా నడుస్తూనే ఉంటుంది, ఆట బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. మీకు ప్రోగ్రామింగ్ రాకపోయినా, 'ఇది జరిగితే అది జరగాలి, ఒకసారి జరిగింది మళ్లీ జరగకూడదు' అన్న లెక్కను ఓపికగా కాగితం మీద వేసుకోగలిగితే ఈ సాఫ్ట్‌వేర్ మీకు సరిపోతుంది.

ఆటవస్తువు అన్న మాట విషయానికొస్తే, ఈ సాఫ్ట్‌వేర్ వంశం 1990ల తొలినాళ్లలో జపాన్‌లో ఆస్కీ సంస్థ విడుదల చేసిన రూపాలతో మొదలైంది. 2004లో వచ్చిన ఎక్స్‌పీలో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టులు రాసుకునే వీలు కలిగింది. 2015 నాటి ఎంవీ, 2020 నాటి ఎంజెడ్ రూపాల్లో ఆ స్థానంలోకి మరో భాష అయిన జావాస్క్రిప్ట్ వచ్చింది. దీనితో తయారై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గేములు తక్కువేమీ కాదు. వాటిని గమనిస్తే ఒక విశేషం కనబడుతుంది. 2004లో వచ్చిన 'యుమే నిక్కి'లో లెవెళ్లు పెంచుకోవడం లేదు, మాటలు దాదాపు లేవు, కలల్లో తిరగడమే ఆట. 2011 నాటి 'టు ది మూన్' పోరాటాలను దాదాపుగా పక్కన పెట్టి కథనే నమ్ముకుంది. 2020లో వచ్చిన 'ఓమోరి'లో పోరాటం ఉన్నా, పాత్రల మనోభావాల మీద నడిచే పద్ధతిని దానికి ప్రత్యేకంగా కట్టుకున్నారు. 2014లో చందాలు సేకరించిన ఆ గేమ్ బయటికి రావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. అంటే సాఫ్ట్‌వేర్ సిద్ధంగా చేతికిచ్చిన మూసను ఉన్నది ఉన్నట్టు వాడుకున్నవారి కంటే, అందులో తమ కథకు ఏది అక్కర్లేదో తేల్చుకున్నవారే ఎక్కువగా గుర్తుండిపోయారు. మీ చెరువు కథలో కత్తియుద్ధాలు నిజంగా కావాలా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. (పనిలో పనిగా ఇంకొక మాట: 2015 నాటి 'అండర్‌టేల్' ఇందులో చేసిందేనని చాలామంది అనుకుంటారు. అది గేమ్‌మేకర్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్.)

ప్రశ్న: మా పిల్లల కోసం తెలుగులో ఒక చిన్న గేమ్ మొదలుపెట్టాను. ఎంవీలో సంభాషణలు టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా, మధ్యలో చుక్కల వలయాలతో వస్తున్నాయి. మంచి తెలుగు ఫాంట్ పెట్టినా మార్పు లేదు. మెనూలో పేర్లు మాత్రం సరిగ్గానే కనిపిస్తున్నాయి. ఇదేమి వింత?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: తప్పు ఫాంట్‌ది కాదు. ఈ సాఫ్ట్‌వేర్ సంభాషణను టైపు మిషన్ కొట్టినట్టు ఒక్కొక్క అక్షరంగా తెరమీదికి తెస్తుంది. ఇంగ్లీషుకూ జపనీస్‌కూ ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. మన లిపి సంగతి వేరు. 'లక్ష్మి' అన్న పేరు కంటికి రెండే అక్షరాలు, కంప్యూటర్ లోపల మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు యూనికోడ్ సంకేతాలు. ఈ ఏడూ కలిసి ఒకేసారి అందితేనే ఫాంట్ వాటిని కూర్చి ఒత్తులు కట్టగలదు. ఎంవీ ఒక్కొక్క సంకేతాన్నీ విడిగా గీస్తుంది కాబట్టి ఒంటరిగా మిగిలిన గుడి కింద చుక్కల వలయం వస్తోంది. మెనూలో పేర్లను మొత్తం పదంగా ఒకేసారి గీస్తారు గనుక అక్కడ అంతా సవ్యంగా ఉంది.

ఎంజెడ్‌లో ఈ పని తీరు కొంత మారింది. అందులో అక్షరాలను ముందు ఒకచోట పోగుచేసి, ఆ తర్వాత గీస్తారు. వస్తువుల వివరణల వంటివి అందువల్ల బాగానే వస్తాయి. సంభాషణ పెట్టెలో మాత్రం అక్షరం తర్వాత అక్షరం కనిపించే అలవాటు కొనసాగుతోంది కాబట్టి అక్కడ పాత చిక్కు తప్పదు. దానికి సులువైన విరుగుడు ఉంది: ప్రతి వరుస మొదట్లో వెనక్కి వాలిన గీత, దాని పక్కన 'పెద్దది' గుర్తు (\>) పెడితే ఆ వరుస మొత్తం ఒకేసారి తెరమీదికి వస్తుంది, ఒత్తులు కుదురుకుంటాయి. ఈ గుర్తు ప్రభావం ఆ వరుసతోనే ముగుస్తుంది కాబట్టి తర్వాతి వరుసకు మళ్లీ పెట్టాలి. ఎంవీలో ఇదే గుర్తు ఉన్నా ఫలితం ఉండదు, ఎందుకంటే అక్కడ వేగం మారుతుందే తప్ప గీసే పద్ధతి మారదు. మీరు ఉద్యోగరీత్యా కోడ్ రాసేవారే కాబట్టి, సాధారణ అక్షరాలను గీసే ఆ ఒక్క ఫంక్షన్‌ను వరుస మొత్తానికి వర్తించేలా మార్చే చిన్న ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ పనితీరును మార్చే అదనపు కోడ్) రాసుకోవడం మీకు కష్టం కాదు. రానివారికైతే ఎంజెడ్‌కు మారడమే మేలు.

మరో మూడు జాగ్రత్తలు. ఒకటి, సంభాషణ పెట్టెలో నాలుగు వరుసలే పడతాయి, వరుస నిండితే పదం దానంతటది కిందికి దిగదు. తెలుగు పదాలు నిడివైనవి కాబట్టి ఎక్కడ విరవాలో మీరే చూసుకోవాలి. రెండు, ఒత్తుల కోసం వరుస కింద చోటు కావాలి. అవి తెగిపోతున్నాయనిపిస్తే ఫాంట్ పరిమాణం కొంచెం తగ్గించండి. మూడు, ఆటగాడు తన పేరు తానే పెట్టుకునే తెరలో తెలుగు అక్షరాల పట్టిక లేదు. కథానాయకుడి పేరు మీరే నిర్ణయించేయడం అన్నిటికంటే తేలిక.

ప్రశ్న: నా గేమ్‌లో మొదటి అడవిలోని శత్రువులు రెండు దెబ్బలకే పడిపోతున్నారు, కోటలోని శత్రువులకు ఎంత కొట్టినా నష్టం సున్నా. ప్రతి శత్రువుకూ అంకెలు మార్చి మార్చి విసుగొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: లోపం కాదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సూత్రం స్వభావమే అది. ఎంవీ, ఎంజెడ్‌లలో మామూలు దాడికి ముందే రాసిపెట్టిన లెక్క ఇది: కొట్టేవాడి దాడి బలాన్ని నాలుగుతో హెచ్చించి, అందులోంచి దెబ్బ తినేవాడి రక్షణ బలానికి రెట్టింపు తీసేయాలి. దాడి 30, రక్షణ 30 అయితే నష్టం 60. రక్షణ 50కి పెరిగితే 20. రక్షణ 60 అయిందంటే సున్నా. ఇప్పుడు అదే వీరుడు పది బలం పెంచే కత్తి కొనుక్కుంటే ఆ సున్నా కాస్తా ఒక్కసారిగా 40 అవుతుంది. తీసివేత మీద ఆధారపడిన సూత్రాలన్నిటిలో ఈ ఊగిసలాట ఉంటుంది. రక్షణ దాడికి దగ్గరగా ఉన్నంతవరకే అవి సాఫీగా నడుస్తాయి.

భాగహారం వాడి చూడండి. దాడి వర్గాన్ని, దాడి రక్షణల మొత్తంతో భాగిస్తే పై ఉదాహరణల్లో వరుసగా 15, సుమారు 11, 10 వస్తాయి. రక్షణ రెట్టింపయినా నష్టం సున్నాకు పడిపోదు. అంకెలు చిన్నవిగా అనిపిస్తే మొత్తాన్ని మీకు నచ్చిన సంఖ్యతో హెచ్చించుకోండి. ఈ సూత్రాన్ని ఒక్కొక్క నైపుణ్యానికీ ఉన్న ఫార్ములా గడిలో రాయాలి. ఆ గడిలో రాసేది నిజానికి జావాస్క్రిప్టే. అందులో ఒక్క బ్రాకెట్ మరిచిపోయినా సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా నష్టాన్ని సున్నాగా తీసుకుంటుంది. కాబట్టి కోటలో కనబడుతున్న ఆ సున్నా లెక్క వల్ల వచ్చిందో, రాతలో పొరపాటు వల్ల వచ్చిందో ముందు తేల్చుకోండి. కోడ్ అక్కర్లేదని చెప్పే సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఇలా ఒక చిన్న గడిలో దాచిపెట్టి, తప్పు దొర్లితే మౌనంగా ఉండిపోవడం మాకు మాత్రం నచ్చదు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ సాఫ్ట్‌వేర్ కొనివ్వమంటోంది. దీనివల్ల కోడింగ్ వస్తుందా, డబ్బు దండగా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: స్విచ్‌లు, వేరియబుల్స్, షరతులు వంటి భావనలు అమ్మాయికి బాగా పట్టుబడతాయి. ఒక భాషలో కోడ్ రాయడం మాత్రం దానంతటది రాదు. ప్లగిన్లు తెరిచి చూసే కుతూహలం ఉంటేనే జావాస్క్రిప్ట్ వైపు దారి పడుతుంది. కొనేముందు ఉచిత ప్రయోగ గడువులో వాడి చూడనివ్వండి. కొనాలనుకున్నా తొందరపడవద్దు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఈ వంశంలోని పాత రూపాలకు తరచూ పెద్ద తగ్గింపులు ఇస్తుంటారు. అసలు ఖర్చే వద్దనుకుంటే పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్, కొంచెం పెద్దయ్యాక గేములు తయారుచేసే గోడో ఉచితంగా దొరుకుతాయి. అయితే గోడోలో సంభాషణ పెట్టె దగ్గర్నుంచి వస్తువుల సంచి వరకు అన్నీ మొదటినుంచి కట్టుకోవాలి. ఆర్‌పీజీ మేకర్‌లో తొలి సాయంత్రమే బొమ్మ ఊళ్లో నడుస్తుంది. ఆ వయసులో ఆ సంతోషానికి విలువ ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: పరుగెత్తుతూ, దూకుతూ కత్తి తిప్పే యాక్షన్ గేమ్‌ను ఎంజెడ్‌లో చేసి, ఫోన్లకు విడుదల చేసి అమ్మాలనుకుంటున్నాం. ప్లగిన్లు చాలా ఉన్నాయి కదా, సాధ్యమేనా?
— ముగ్గురు మిత్రులు, తిరుపతి

జవాబు: సాధ్యమే, కానీ చేయవద్దనే మా సలహా. ఇందులో పాత్ర గడి నుంచి గడికి నడుస్తుంది, పోరాటం వంతులవారీగా గానీ కాలం నిండే పట్టీతో గానీ సాగుతుంది. ఈ రెండు నిర్ణయాలూ సాఫ్ట్‌వేర్ పునాదిలోనే ఉన్నాయి. వాటిని మార్చే ప్లగిన్లు దొరుకుతాయి గానీ, ఒకరు రాసిన ప్లగిన్ ఇంకొకరి ప్లగిన్ మార్చిన ఫంక్షన్‌నే మళ్లీ మారిస్తే ఆట ఎక్కడో ఆగిపోతుంది, ఎవరిని అడగాలో కూడా తెలియదు. ప్లగిన్ల వరుసను పైకీ కిందికీ మారుస్తూ కూర్చోవడంలో వారాలు గడిచిపోతాయి. దానికి తోడు, ఎప్పుడూ నడుస్తుండే పారలల్ ఈవెంట్లు మ్యాప్‌లో ఎక్కువైతే సాధారణ ఫోన్లలో ఆట నత్తనడక నడుస్తుంది. ఫోన్ యాప్‌గా మార్చడానికి ఎంజెడ్ బయట వేరే పనిముట్లు అవసరమవుతాయి. మీరు చెప్పిన గేమ్‌కు గోడో గానీ గేమ్‌మేకర్ గానీ మొదలుపెట్టడానికి కష్టంగా ఉన్నా, సగం దారికి వచ్చేసరికి తేలికవుతాయి.

ఒకవేళ ఎంజెడ్‌లోనే వంతులవారీ గేమ్ చేసి అమ్ముతామంటే, సాఫ్ట్‌వేర్‌తో వచ్చే బొమ్మలూ సంగీతమూ అమ్మకానికి పెట్టే గేములో వాడుకోవచ్చు, కానీ వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకువెళ్లే ముందు ఒప్పంద నియమాలు చదవండి. ఎంవీతో వచ్చే హెరాల్డ్ అనే కుర్రవాడి ముఖాన్ని స్టీమ్‌లో తిరిగేవారు చూసీ చూసీ ఉన్నారు. దుకాణంలో పెట్టే మొదటి చిత్రంలోనే ఆ ముఖం కనిపిస్తే చాలామంది లోపలికి కూడా రారు. ముగ్గురిలో ఒకరికి బొమ్మలు వేయడం వస్తే, కనీసం ప్రధాన పాత్రల ముఖాలూ మొదటి ఊరి మ్యాప్ గడుల బొమ్మలూ సొంతంగా గీయించుకోండి. తక్కిన ఇళ్లూ చెట్లూ సాఫ్ట్‌వేర్‌వే ఉన్నా ఫరవాలేదు.