షుగర్ ఉన్నవాళ్లు రోజూ అరటిపండు తినొచ్చా? మా నాయన విషయంలో జరిగింది చెప్తా

మీ నాన్నకు 60 దాటాయి, షుగర్ ఉంది, రోజూ రెండు అరటిపండ్లు తింటారు, మంచిదేనా, రాత్రి తింటే జలుబు చేస్తుందా అని అడిగారు. జలుబు సంగతి ముందే తేల్చేద్దాం. అది వైరస్‌తో వచ్చేది, పండుతో కాదు. మేం చిన్నప్పటి నుంచి రాత్రిపూట పెరుగన్నంలో పండు పిసుక్కుని తిన్నవాళ్లమే.

మధ్యరకం పండులో 100 కేలరీలకు కొంచెం ఎక్కువ, 3 గ్రాముల పీచు, 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటాయి. రోజుకు కావాల్సిన బి6 విటమిన్‌లో పావు వంతు దాకా వస్తుంది. నేను దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో డ్యూటీకి తిరిగిన రోజుల్లో టిఫిన్ కుదరకపోతే బస్టాండ్‌లో రెండు పండ్లు, గుప్పెడు పల్లీలు తినేవాడిని. మధ్యాహ్నం దాకా కడుపు ఆగేది. బిస్కెట్ ప్యాకెట్ తిన్న రోజు గంటకే ఆకలి. పిక్కలు పట్టేస్తే అరటిపండు తినమని అందరూ చెప్తారు కానీ, నాకైతే దాంతో తేడా కనిపించలేదు. ఎండాకాలం నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టాకే తగ్గింది.

ఇక అసలు విషయం. మా నాయనకు 15 ఏళ్లుగా షుగర్, బీపీ. రెండేళ్ల కింద ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని బాగా నీరసించాడు. దగ్గర్లోని క్లినిక్‌లో సెలైన్ పెట్టి, "పండ్లు బాగా పెట్టండి" అని పంపించారు. కిడ్నీ పరీక్ష రాయలేదు. మనవైపు సంగతి మీకు తెలిసిందే, మనిషి మంచం పట్టాడంటే చూడటానికి వచ్చే ప్రతి చుట్టమూ డజను అరటిపండ్లో, రెండు కొబ్బరి బొండాలో, బత్తాయిలో పట్టుకొస్తారు. అన్నం సయించక, పండ్లు పారేయడానికి మనసొప్పక, ఆయన రోజుకు నాలుగైదు అరటిపండ్లు తిన్నాడు. పైనుంచి కొబ్బరినీళ్లు.

ఐదో రోజు మంచం మీద నుంచి కాలు కింద పెట్టలేకపోయాడు. "కాళ్లు నావి కానట్టున్నయిరా" అన్నాడు. పక్షవాతమేమోనని టెన్షన్‌తో నల్లగొండలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రక్తపరీక్ష, ఈసీజీ అయ్యాక డాక్టర్ అడిగిన మొదటి మాట: "ఇంటికి ఎవరన్నా చూడటానికి వచ్చారా?" పొటాషియం 6.2 ఉంది, 5 లోపు ఉండాలి. ఇంకా పెరిగితే గుండె లయ తప్పేదట. ఒక్క అరటిపండుదే తప్పని ఆయన అనలేదు. షుగర్‌తో కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయి, విరేచనాలతో నీళ్లు తగ్గి ఇంకా మొరాయించాయి, వాడే బీపీ మాత్ర కూడా పొటాషియం పెంచే రకం. కిడ్నీలు బాగుంటే ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది. బాగాలేని మనిషికి పండు, బొండాం, బత్తాయి రసం మూడూ కలిసి మీద పడ్డాయి.

అందుకే మీ నాన్నకు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం ఒకసారి చూపించండి. బీపీ మాత్రల చీటీ కూడా డాక్టర్ ముందు పెట్టి, పండ్ల గురించి నోరు తెరిచి అడగండి. మనం అడగకపోతే చాలామంది చెప్పరు. కిడ్నీలు బాగున్నాయంటే షుగర్ లెక్క ఒక్కటే చూసుకోవాలి.

ఆ లెక్క నా మీద నేనే వేసుకున్నా, నాకూ షుగర్ మొదలైంది కాబట్టి. మచ్చలు పడిన మెత్తటి పెద్దపండు ఒకటి తిని రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తే 198. ఇంకోరోజు దోరపండు సగం, పల్లీలతో తింటే 151. "సగం తింటే సగమే పెరుగుతది, అదేం పరీక్ష" అని మా ఆవిడ నవ్వింది. నిజమే, కానీ పండు ముగ్గేకొద్దీ లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుందనేది కూడా నిజం. మీ నాన్న రెండుసార్లు తినడం మానలేనంటే పొద్దున సగం, సాయంత్రం సగం ఇచ్చి చూడండి. భోజనం మీద మాత్రం వద్దు, అప్పటికే అన్నం ఉంటుంది కదా.

కార్బైడ్ భయం ఉంటే, దాంతో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ గ్యాస్‌కు మాత్రం అనుమతి ఉంది. కాడ పచ్చగా ఉన్న ప్రతి పండూ కార్బైడ్‌ది కాదు. నేనైతే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బండి మీద కొంచెం పచ్చి అత్తమే తీసుకుని ఇంట్లో బియ్యం డబ్బాలో పెడతా.