వణుకు తగ్గుతుంది, మరి మింగడం?

నాన్నా,

మీ నాన్నగారి పార్కిన్సన్స్ జబ్బుకు డీబీఎస్, అంటే మెదడుకు కరెంటు పంపే ఆపరేషన్, ఖాయమైందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే, భయపడకండి. కాకపోతే మీ పెదనాన్నకు చేయించినప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది నువ్వు చెయ్యకూడదని రాస్తున్నాను.

మెదడులో సన్నటి వైర్లు దింపి, ఛాతీ పైన కాలర్ ఎముక కింద చర్మం లోపల పెట్టిన బ్యాటరీతో కరెంటు పంపిస్తారు. వణుకు, బిగుసుకుపోవడం, కదలికల్లో నిదానం బాగా తగ్గుతాయి. మింగడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. కొందరికి కాస్త మెరుగుపడొచ్చు, కొందరికి మాట ముద్దగా మారి మింగడమూ కష్టమవచ్చు. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్రలకే గొంతు సరిగా లొంగదు కదా.

మిషన్ ఆన్ చేసిన కొత్తలో మీ పెదనాన్న ఒంటిచేత్తో గ్లాసెత్తి గటగటా తాగేశారు. చుక్క ఒలకలేదు. నేను ఆ చేతినే చూస్తూ మురిసిపోయాను. తాగాక గొంతు గరగరలాడింది, అది పట్టించుకోలేదు. చెయ్యి వణికే రోజుల్లో చిన్న గుక్కలే పట్టేవి. చెయ్యి కుదురుకోగానే గుక్క పెద్దదైంది, గొంతేమో పాతదే! పైగా దగ్గు రాలేదు. ఈ జబ్బులో గొంతుకు స్పర్శ మందగిస్తుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా మనిషికి తెలియదు. మూడు వారాలకు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేర్చాం.

అందుకే ఆపరేషన్‌కి ముందే మింగే పరీక్ష చేయించు. ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపింది మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూస్తారు. "నాకేం ఇబ్బంది లేదు" అని మీ నాన్నగారు అంటారు, నమ్మకు. ఆపరేషన్ తర్వాత మళ్లీ చేయిస్తే తేడా తెలుస్తుంది.

తేడా కనిపిస్తే డాక్టరుకు వెంటనే చెప్పు. కరెంటు సెట్టింగులు మార్చి చూస్తారు. మామూలుగా సెకనుకు 130 సార్లకు అటూఇటూగా పెడతారు. 60కి తగ్గిస్తే కొందరికి మింగడం మెరుగైంది, కానీ వణుకు తిరిగి రావచ్చు. అది వాళ్లు తేల్చాల్సిన బేరం. ఆపరేషన్ తర్వాత మాత్రలు తగ్గించినా మింగడంలో మార్పు రావచ్చు, ఆ తేదీలు రాసి పెట్టుకో. ఇంకోటి, ఎవరైనా ఫిజియోథెరపీలో డయాథెర్మీ, అంటే మిషన్‌తో ఒంటి లోపలికి వేడి పుట్టించే వైద్యం, పెట్టబోతే ఒప్పుకోవద్దు. ఆ వైర్లు వేడెక్కి మెదడు దెబ్బతింటుంది.

భోజనం మాత్ర బాగా పనిచేసే వేళలోనే పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపేసి, ముద్ద ముద్దకూ సమయమివ్వండి. తిన్నాక అరగంట పడుకోనివ్వద్దు. గడ్డం వంచి మింగమని అందరూ చెబుతారు, అది అందరికీ సరిపడదు, మాటనూ మింగడాన్నీ సరిచేసే స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాకే. పళ్లు శుభ్రంగా తోమించండి, నోట్లో సూక్ష్మజీవులే ఊపిరితిత్తుల్లోకి దిగేది.

నేను ఇప్పటికీ నీళ్లు తాగగానే ఆయన్ని "ఆ..." అనమంటాను, గొంతు తడిగా వినిపిస్తుందేమోనని. ఆయన విసుక్కుంటూనే అంటారు.

మీ పెద్దమ్మ